కుడి పక్క నుంచి వచ్చే మాట

సరుగుడుపేట,
9 డిసెంబరు 2012

బావా,

జ్వరం తగ్గిందనీ, వినికిడి మాత్రం తిరిగి రాలేదనీ అక్క ఫోన్లో చెప్పింది. నీకు ఇవ్వమంటే "మీ బావకి ఫోనిచ్చినా గోడకిచ్చినా ఒకటేరా" అంది. అందుకే ఈ ఉత్తరం. జవాబు రాయకపోతే ఊరుకోను. జూటు మిల్లులో రిటైరై ఇంట్లో కూర్చున్న మనిషివి, తీరిక లేదంటే నమ్మేదెవరు?

ఇక్కడ మన బీలకి గండం వచ్చింది. ఊరికీ పొలాలకీ మధ్య నీళ్ళు నిలిచే ఆ పల్లమంతా కరెంటు తయారుచేసే కంపెనీకి ఇస్తారట. బీడు భూమి అని రాసుకున్నారట. నువ్వు పెళ్ళికొడుకుగా వచ్చిన కొత్తలో మనిద్దరం మట్టగిడసలు పట్టిన చోటు, అక్క చాపలకి తుంగ కోసుకున్న చోటు బీడెలా అవుతుంది బావా? సముద్రం పక్కనే ఉన్నా మన నూతుల్లో నీళ్ళు తియ్యగా ఉన్నాయంటే ఆ బీల చలవే కదా. వేట లేని రోజుల్లో సగం పేటకి కూర అక్కడిదే. అవతల రైతులకి వరి తడిసేదీ ఆ నీళ్ళతోనే.

రైతులూ మనవాళ్ళూ కలిసి కమిటీ వేసుకుని నన్ను ముందు నిలబెట్టారు. "మైకు లేకపోయినా నీ గొంతు ఇనబడతాది" అన్నారు. ఇన్నేళ్ళు నాటకాలు రాసి, ఆడి నేను సంపాదించిన అర్హత అదొక్కటే. నాకు తెలిసింది కూడా అదే కాబట్టి నాటకం రాస్తున్నాను. పేరు 'బీల'. గంగమ్మ పండగకి వేస్తాం.

రాస్తూ ఉంటే పాతపట్నం నాటకాల పోటీలు గుర్తొచ్చి ఒక్కణ్ణే నవ్వుకున్నాను. రాజుగారి అంగీని ఎండుచేపల గంపలో పెట్టి లారీలో తీసుకెళ్ళాం. నేను స్టేజీ ఎక్కగానే ఎక్కణ్ణుంచో ఒక పిల్లి వచ్చి నా వెనకే నడిచింది. నాకు మాట పోయింది. అలవాటు కొద్దీ కుడి పక్కకి చూశాను. నువ్వు తెర వెనక నుంచి కంగారుగా "పిల్లిని తన్నకు" అన్నావు. నేను గంభీరంగా "మంత్రీ, పిల్లిని తన్నకు!" అన్నాను. జనం అది నాటకంలోదే అనుకుని ఒకటే చప్పట్లు. బహుమతి ఇచ్చేటప్పుడు రాజుకి మూగజీవాల మీద ఎంత దయ అని పెద్దలు మెచ్చుకున్నారు కూడా!

నేను రాసిన మాటలు నాకే గుర్తుండవని నీకు తెలుసు. కుడి పక్కన నువ్వుండి అందిస్తేనే నా నోరు పెగులుతుంది. పండక్కి రా. నువ్వు మిల్లు నుంచి కొనుక్కొచ్చిన గోనె గుడ్డకి అక్క నీలం రంగు అద్ది కుట్టిన తెర ఉండేది చూడు, అది ఉంటే పట్రా.

నీ బావమరిది,
పిల్లి రాజు ఎల్లాజీ


నెల్లిమర్ల,
2 జనవరి 2013

ఒరే పిల్లి రాజా,

చెవులు పోయాక నాకు ఏ లోటూ లేదు. మీ అక్క తిడుతుంటే నోరు కదలడం కనిపిస్తుంది, అంతే. ముఖ్యమైన సంగతైతే మీ మేనల్లుడు వినోద్ పలక మీద రాసి చూపిస్తాడు. మీ అక్కకి రాత రాదు కాబట్టి చాలా సుఖంగా ఉన్నాను.

తెర ఏమైందో తెలీదు. అటక మీద వెతికి దుమ్ము మింగాను, దొరకలేదు. ఆ గోనె వాసన మాత్రం నాకింకా గుర్తే. దాని వెనక నిలబడి ముప్పై ఏళ్ళు నీకు మాట అందించాను. చూసినవాళ్ళందరికీ నువ్వు తెలుసు, నేను ఎవరికీ తెలీదు. నాకది బాగానే ఉండేది.

ఒక రహస్యం చెప్పనా? నీకు మాట అందించడానికి నేను చెవులు ఎన్నడూ వాడలేదు. మాట పోయే ముందు నీ కుడి భుజం కొంచెం పైకి లేస్తుంది. అది చూసే అందించేవాణ్ణి. కాబట్టి చెవులు లేవని సాకు చెప్పను. అయినా ఈసారి రాలేనురా.

వినోద్ ఐటీఐ చదివి ఖాళీగా తిరుగుతున్నాడని తెలుసు కదా. ఇప్పుడు పని దొరికింది. ఆ కంపెనీకి భూమి కొలిచే కాంట్రాక్టరు దగ్గర. వాడు వచ్చేది మీ బీలకే. తర్వాత కంపెనీలో పర్మనెంటు చేస్తామన్నారట. మేనమామ గట్టు మీద, మేనల్లుడు గొలుసు పట్టుకుని నీళ్ళలో. నీ కమిటీ నీది, వాడి పని వాడిది, రెండూ కలపకు. ఆదివారం భోజనానికి పిలువు. వాడికి పీతల కూర ఇష్టం.

కంపెనీ బట్టలిచ్చారు. మీ అక్క ఆ చొక్కా ఇస్త్రీ చేసి దేవుడి పటం ముందు పెట్టి ఏమందో వినోద్ పలక మీద రాశాడు. నీకూ రాస్తున్నాను. "ఈ సొక్కాకి నాలుగు జేబులున్నాయి తల్లీ. ఒక్కదాన్లోనన్నా ఏటైనా పడేలా సూడు." విన్నావా, మీ అక్క కూడా నీలాగే మాటలు రాయగలదు!

నాటకం బాగా ఆడండి. పిల్లులు లేకుండా చూసుకో.

సోములు


సరుగుడుపేట,
28 ఏప్రిల్ 2013

బావా,

ఆడింది! పండగ నాడు చుట్టుపక్కల పేటలన్నీ కదిలొచ్చాయి. రైతులు బళ్ళు కట్టుకుని వచ్చారు. వరి పండించేవాళ్ళూ వల వేసేవాళ్ళూ ఒక్క చాప మీద కూర్చుని నాటకం చూడడం నేను చిన్నప్పుడు చూశాను, మళ్ళీ ఇప్పుడే.

నీ బదులు మురళీమోహన్ మాస్టారు మాట అందించాడు. అందించడం కాదు, డిక్టేషన్ చెప్పాడు. నేను ఆగిన ప్రతిచోటా వాక్యం మొత్తం గట్టిగా చదివేవాడు. ముందు వరుసలో పిల్లలు నాకంటే ముందే వాళ్ళే చెప్పేశారు. జనం దాన్నీ భరించారంటే మన నాటకం మీద ప్రేమే.

అక్కకి ఒక శుభవార్త చెప్పు. అందులో ఒక తల్లి పాత్ర ఉంది. కొడుకు కంపెనీ చొక్కా వేసుకుని వస్తాడు. ఆ తల్లికి అక్క అన్న మాటే పెట్టాను. "ఈ సొక్కాకి నాలుగు జేబులున్నాయి తల్లీ!" చిన్నతల్లి అనే పిల్ల ఆ వేషం వేసింది. కళ్ళు తిప్పుతూ భలే అంది. జనం ఎంతసేపు నవ్వారో! మళ్ళీ చెప్పమని ఈలలు. మొత్తం నాటకంలో నేను రాసిన ఏ మాటకీ అంత పేరు రాలేదు. నా మాటలన్నీ మన ఇంట్లో ఏరుకున్నవే కదా. నీ మాటలు ఎన్ని వాడుకున్నానో లెక్కే లేదు.

వినోద్‌ని పండక్కి రమ్మన్నాను. పనుందని రాలేదు. పీతల కూర మాత్రం రెండు ఆదివారాలు తిన్నాడు.

అక్కకి దండాలు.
ఎల్లాజీ


నెల్లిమర్ల,
6 మే 2013

ఎల్లాజీ,

వినోద్ పండక్కి వచ్చాడు. పని నుంచి నేరుగా ఆ చొక్కాతోనే వచ్చి వెనక వరుసలో నిలబడ్డాడు. నువ్వు చూడలేదు. జనం చూశారు.

మర్నాటి నుంచి వాడు గొలుసు పట్టుకుని నడుస్తుంటే గట్టు మీద నుంచి "నాలుగు జేబులూ, నాలుగు జేబులూ" అని పిలుపులు. నీతో చెప్పుకోలేక ఇంటికొచ్చి పలక తీసి రాశాడు. వాళ్ళమ్మ ఏమైందని అడిగితే చదివి వినిపించాల్సి వచ్చింది. అది విని మీ అక్క అన్నం ముందు నుంచి లేచిపోయింది.

అది వేళాకోళానికి అన్న మాట కాదురా. కొడుకు కోసం మొక్కుకున్న మాట. నా మాటలు నువ్వు ఎన్ని వాడుకున్నా నేను ఎప్పుడైనా అడిగానా? నాకు గర్వంగా ఉండేది. నేను నీకు నమ్మి రాసిన ఉత్తరం అది. దాన్ని తీసుకెళ్ళి స్టేజీ మీద పెట్టావు.

నాకిక ఉత్తరాలు రాయకు.

సోములు


సరుగుడుపేట,
18 ఆగస్టు 2013

బావా,

రాయొద్దన్నావు. మూడు నెలలు ఊరుకున్నాను, ఇక నా వల్ల కాలేదు.

ఆ మాట నాటకంలోంచి తీసేశాను. ఇప్పుడు ఏ ఊళ్ళో వేసినా "నాలుగు జేబులు ఏవి?" అని జనం అరుస్తున్నారు. అయినా పెట్టడం లేదు. ఇంకేం చెయ్యమంటావు?

నీ కోపం మాట మీద కాదనీ, నేను కంపెనీకి అడ్డు పడుతున్నందుకేననీ ఇక్కడ కొందరు అంటున్నారు. అదే నిజమైతే సూటిగా చెప్పు బావా. వినోద్ ఉద్యోగం కోసం ఇంత మంది నూతులు ఉప్పగా అయిపోవాలా? బీలని పూడ్చి, గట్లు తెంపి, పక్షులు దిగే చోట బూడిద పోస్తామంటే సరే అనాలా? వాళ్ళిచ్చే ఉద్యోగం ఎన్నాళ్ళుంటుందని? నువ్వు ఇలా ఒక చొక్కా కోసం నన్ను వదిలేస్తావని కల్లో కూడా అనుకోలేదు.

కోపంలో ఏదో రాశాను. చింపేద్దామనుకున్నాను గాని చింపితే మళ్ళీ రాయలేను. పంపించేస్తున్నాను.

నిన్న పొందూరు వెళ్ళాను. ఖద్దరు సభలో మాట్లాడమన్నారు. ఒకప్పుడు అక్కడ నువ్వు నాకు నేత పంచె కొనిపెట్టావు, రాజు వేషానికి. ఆ కొట్టు ఇంకా ఉంది. నువ్వు బేరమాడిన తీరు ఆ ముసలాయన నాకు చేసి చూపించాడు.

ఎల్లాజీ


సరుగుడుపేట,
14 మే 2014

బావా,

నువ్వు జవాబివ్వకపోయినా ఇది నీకు చెప్పకుండా ఉండలేను. మన మండలం నుంచి జడ్పీటీసీగా గెలిచాను. ఏ పార్టీ లేదు. నా గుర్తు ఈల. నాటకాలాడినవాడికి అంతకంటే మంచి గుర్తు ఇంకేముంటుంది?

ప్రచారమంటే పెద్దగా చేసింది లేదు. పేట పేటకీ వెళ్ళి 'బీల' లోని ఒక రంగం ఆడాం. నేను మాట మరిచిపోతే జనమే అందించారు, ఇప్పుడది అందరికీ కంఠతా వచ్చేసింది. నా మెళ్ళో దండ పడేసరికి నా భార్య నీలవేణి ఏడ్చింది. నేను మాత్రం కుడి పక్కకి చూసుకున్నాను.

ఇకనుంచి నేను మాట్లాడాల్సింది జిల్లా పరిషత్ సమావేశంలో. అక్కడ నా నాటకం ఎవరికీ రాదు.

అక్కకి చెప్పు.
ఎల్లాజీ


నెల్లిమర్ల,
20 మే 2014

కార్డు అందింది. మీ అక్క సంతోషించి వీధిలో అందరికీ బెల్లం పంచింది. ఈ నాలుగు ముక్కలూ మీ అక్క మొగుడిగా రాస్తున్నాను. నా తరఫున చెప్పేదేమీ లేదు.

సోములు


నెల్లిమర్ల,
23 నవంబరు 2014

ఒరే ఎల్లాజీ,

తుపాను తర్వాత నువ్వు రాసిన ఉత్తరం అందింది. మేం బాగానే ఉన్నాం. పెంకులు సగం ఎగిరిపోయాయి. కరెంటు చాలా రోజులు లేదు. నాకేమీ తేడా తెలియలేదు గాని మీ అక్క గాలి మోతకి మంచం కిందే ఉండిపోయింది. ఇంటి పైకప్పు బాగుచేయిస్తుంటే అటక మీద వాసానికీ గోడకీ మధ్య నొక్కుకుపోయిన మూట ఒకటి బయటపడింది. విప్పితే నీలం తెర. ఎలకలు ఒక మూల కొరికాయి. వాసన మాత్రం పోలేదు.

అదే వారం వినోద్ పేపరు తెచ్చి నా ఒళ్ళో పడేశాడు. నీ ఫొటో. జిల్లా సమావేశంలో నువ్వు మైకు ముందు నిలబడి ఒక్క మాటైనా మాట్లాడకుండా అధికారుల వైపు చూస్తూ ఉండిపోయావట. 'మాటలకందని నిరసన' అని పెద్ద అక్షరాలు. ఆ చూపుకి తట్టుకోలేక ఒక అధికారి లేచి, బీలని వేసవిలో చూసి రాసింది చాలదు, మళ్ళీ చూస్తాం, ఊళ్ళోనే సభ పెట్టి అందరి మాటా వింటాం అన్నాడట. నెల్లిమర్లలో కూడా టీ కొట్టు దగ్గర నీ గొప్పే. ఎంత గుండె ధైర్యం, ఎంత ఆలోచన అని.

నేను ఫొటోని కిటికీ దగ్గరికి తీసుకెళ్ళి చూశాను. తల కుడి పక్కకి తిరిగి ఉంది. భుజం లేచి ఉంది.

మరిచిపోయావు కదూ?

ఇంకెవరికీ చెప్పనులే. నాకు మాత్రం నిజం రాయి. ఆ పక్కకి ఎవరి కోసం చూశావు?

పోయినేడాది నువ్వు కంపెనీ గురించి పేజీలు పేజీలు రాశావు. నేను కంపెనీ గురించి ఒక్క మాటైనా అన్నానా? ఆ బీలలో నేనూ మట్టగిడసలు పట్టాను. ఆ ఉత్తరం చదివి, వీడికి నా బాధేమిటో కూడా అర్థం కాలేదే అనుకుని ఇంకా ముడుచుకుపోయాను. మనిద్దరం మొండివాళ్ళమేరా.

సోములు


సరుగుడుపేట,
1 డిసెంబరు 2014

బావా,

అవును. మరిచిపోయాను.

వారం రోజులు నీలవేణి ముందు నిలబడి అప్పజెప్పాను. అన్నీ వచ్చాయి. అక్కడ నా పేరు పిలిచి మైకు ముందుకి రమ్మనగానే మొదటి మాట దగ్గర్నుంచి మొత్తం పోయింది. కుడి పక్కకి తిరిగాను. అక్కడ నువ్వుండాలి. కళ్ళజోడు పెట్టుకున్న అధికారి ఒకాయన ఉన్నాడు. నువ్వు లేవని తెలిసి కూడా తల అటే ఉండిపోయింది బావా. మాట వస్తుందని చూస్తూనే ఉన్నాను. ఆయన కళ్ళజోడు తుడుచుకున్నాడు, నీళ్ళు తాగాడు, చివరికి తనే లేచాడు. హాలంతా చప్పట్లు. పాతపట్నంలో పిల్లికి కొట్టారే, అవే చప్పట్లు.

ఎవరికీ చెప్పలేకపోయాను. నీలవేణి కూడా "మీరేటండీ, సూపుతోనే సంపేసినారు!" అంటోంది. దండలు వేస్తున్నారు. ఒక్కొక్క దండకీ సిగ్గుతో చచ్చిపోతున్నాను.

అక్క విషయంలో నువ్వు చెప్పింది ఇప్పటికి నా బుర్రకెక్కింది. నవ్వు వచ్చిందని మురిసిపోయానే తప్ప, ఆ మాట దేవుడి పటం ముందు చేతులు జోడించి అన్నదని ఒక్కసారి కూడా ఆలోచించలేదు. మన ఇంటి మాటలన్నీ నావే అనుకోవడం నాకు అలవాటైపోయింది. అక్క కాళ్ళు పట్టుకుంటానని చెప్పు. వినోద్‌కి ఏం చెప్పాలో నాకు తెలీదు. వాడికి ఈ ఉత్తరం చూపించు.

డిసెంబరు ఇరవై ఎనిమిదిన మా ఊళ్ళో సభ. కంపెనీ వాళ్ళు ఒక పక్క, మేం ఒక పక్క, పై అధికారులు మధ్యలో. ఆ రోజు చెప్పిందే రాసుకుని పైకి పంపుతారట. చూపులు రాసుకోరు కదా. కమిటీ తరఫున నేనొక్కణ్ణే మాట్లాడాలని తీర్మానించారు, నా మౌనం చూసి నామీద అంత నమ్మకం పెంచుకున్నారు! ఆ రోజు నోరు పెగలకపోతే బీల పోతుంది. ఊరంతా నావల్ల మోసపోతుంది. నాకు నిద్ర పట్టడం లేదు.

నాకు నువ్వు కావాలి బావా. ఇంతకంటే అందంగా రాయడం నాకు చేతకావడం లేదు.

ఎల్లాజీ


నెల్లిమర్ల,
12 డిసెంబరు 2014

ఒరే ఎల్లాజీ,

నీ ఉత్తరం వినోద్‌కి ఇచ్చాను. వాడి సర్వే పని ఎప్పుడో అయిపోయింది. పర్మనెంటు మాట మళ్ళీ ఎవరూ ఎత్తలేదు. ఇప్పుడు విజయనగరంలో మోటారు రిపేరు షాపులో చేస్తున్నాడు, ఆ చొక్కా వేసుకునే నూనె పని చేస్తాడు. ఉత్తరం రెండుసార్లు చదివాడు. తర్వాత పలక తీసుకుని రాశాడు. "ఆ మాట తియ్యొద్దను నాన్నా మావని. నిజమే కదా అది. నవ్వించడానికి కాకుండా సెప్పమను."

పలక మీద రాసింది వాళ్ళమ్మకి చదివి వినిపించాను. మీ అక్క ఏదో గట్టిగా అంది. ఏమిటని అడిగితే వినోద్ నవ్వుతూ రాసి చూపించాడు. "నా మాట ఆడెందుకు సెప్పాల? నానే వస్తాను. ఆ ఆఫీసర్ల ముందల నానే సెప్తాను." అదీ సంగతి. నీ కమిటీ వాళ్ళ తీర్మానం ఏమైనా సరే, మాట్లాడేవాళ్ళు ఇద్దరని చెప్పు. మీ అక్క కూర్మమ్మని ఆపడం మా వల్ల కాదు. కాళ్ళు పట్టుకునే పని ఆవిడ మాట్లాడాక పెట్టుకో.

ముగ్గురం ఇరవై ఆరున వస్తున్నాం. పీతలు తెప్పించు. నువ్వు చెప్పదలచుకున్నదంతా పెద్ద అక్షరాలతో రాసి ఉంచు. రెండు రోజులు నాతో కూర్చో. నూతుల సంగతి ఒకచోట, రైతుల సంగతి ఒకచోట, వేట లేని రోజుల సంగతి ఒకచోట రాయి. నీకు ఎక్కడెక్కడ మాట పోతుందో నాకు తెలుసు, అక్కడ గీత గీసుకుంటాను. పొడుగు మాటలు రాయకు. నువ్వు పొడుగు మాట దగ్గరే ఎప్పుడూ పడతావు.

నీలం తెర తెస్తున్నాను. ఎలకలు కొరికిన చోట మీ అక్క అతుకు వేసింది. కట్టడానికి కాదు, షామియానా కింద దాన్ని వేసుకుని కూర్చుంటాను. ఈసారి నేను దేని వెనకా నిలబడను. అందరూ చూస్తే చూడనీ.

ఒక్కటే లోటు. నువ్వు ఏం మాట్లాడావో నాకు వినబడదు. బాగా చెప్పావో లేదో తర్వాత వినోద్ పలక మీద రాస్తాడు. చప్పట్లు కొడితే చేతులు కదలడం కనిపిస్తుందిలే.

మైకు ముందుకి వెళ్ళేటప్పుడు కంగారు పడకు. మాట పోతే పోనీ. కుడి పక్కకి చూడు, నేనుంటాను.

మీ బావ
సోములు